తిరుమలరావు కాటా

తుక్కు కొట్టు తిరుమలరావు చేతిలో ఏ ఇనప ముక్క పెట్టినా దాని బరువు చెప్పేస్తాడని ఆటోనగర్లో పేరు. గేరు బాక్సు మూత గానీ, విరిగిన పుల్లీ గానీ, అరచేతిలో ఒకసారి పైకీ కిందికీ ఆడించి, కళ్లు సగం మూసి, "రెండూ నాలుగొందలు" అంటాడు. కాటా మీద పెడితే సరిగ్గా అంతే చూపిస్తుంది. చూసినవాళ్లు ముక్కున వేలేసుకుంటారు. వేలేసుకోవలసిందే మరి. చేతికి తెలిసిన బరువు ఒకటి, నోటితో చెప్పే అంకె ఇంకొకటి. అసలు బరువులో పదో వంతు మనసులోనే కొట్టేసి మిగిలింది మాత్రం పైకి చెప్పడం సామాన్యమైన విద్య కాదు. ఎందుకంటే ఆ కాటా మీద పది కిలోలు పెడితే తొమ్మిదే చూపిస్తుంది.

దాన్ని అలా తిప్పించింది బావమరిది గోపి. ఎలమంచిలి దగ్గర పల్లెలో చెరకు చేను అన్నదమ్ములందరూ పంచుకోగా తిరుమలరావు వాటాకి గట్లు తప్ప ఏమీ మిగల్లేదు. పెళ్లాన్ని తీసుకుని విశాఖ వచ్చేస్తే, అప్పటికే తుక్కు వ్యాపారంలో ఉన్న గోపి కొట్టు పెట్టించాడు, కాటా కొనిపించాడు, మెకానిక్కుని పిలిచి లోపలి అంకె మార్పించాడు. "కరెక్టు కాటా ఎట్టుకుని కూకుంటే మనకేటి మిగుల్తాది బావా? ఆల్లు తడిపిన అట్టలు తెత్తారు, ఇసకోసిన డబ్బాలు తెత్తారు. మన జాగర్తలో మనం ఉండాల" అన్నాడు. తిరుమలరావుకి కొన్నాళ్లు నిద్ర పట్టలేదు. తర్వాత పట్టింది. మనిషన్నాక ఎన్నాళ్లని మేలుకుంటాడు.

సరుకు తెచ్చేవాళ్లకు కూడా సంగతి తెలుసు. రోడ్లమ్మట ఇనుమూ అట్టలూ ఏరుకొచ్చే పోతమ్మ అట్టపెట్టెల్ని కుళాయి కింద ముంచి మరీ తెచ్చేది. అతను తడి చూసి మొహం చిట్లిస్తే, "నీ కాటా నీది, నా నీల్లు నాయి బాబూ" అనేది నవ్వుతూ. అలా అందరికీ అందరి సంగతీ తెలిసి, ఎవరికీ ఎవరిమీదా కోపం లేకుండా వ్యాపారం నడిచిపోతోంది. ఆ కాటాని నిజంగా నమ్మిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. అతని కూతురు హేమశ్రీ.

ఆ పిల్ల ఆ కాటా పక్కనే పెరిగింది. తూకం మొదలెట్టేటప్పుడు మొదటిదాన్ని తిరుమలరావు ఒకటి అనడు, "లాభం" అంటాడు. ఊళ్లో వాళ్ల నాన్న కుంచంతో ధాన్యం కొలిచేటప్పుడూ అంతే. లాభం, రెండు, మూడు. హేమశ్రీ బళ్లో చేరిన కొత్తలో టీచరు అంకెలు చదవమంటే "లాభం, రెండు, మూడు" అని చదివి క్లాసంతటినీ నవ్వించింది. బడి నుంచి రాగానే వాళ్లిద్దరికీ ఒక ఆట ఉండేది. గుట్టలోంచి ఏదో ఒక ముక్క తెచ్చి నాన్న చేతిలో పెట్టేది. అతను బరువు చెప్పేవాడు. పరిగెత్తుకెళ్లి కాటా మీద పెట్టి, అంకె కలవగానే చప్పట్లు కొట్టేది. "మా నాన్న చెయ్యే కాటా" అని వీధంతా చెప్పుకునేది. ఆ ఆటలో తిరుమలరావు ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఒక్కసారి ఓడిపోయినా ఈ కథ వేరేలా ఉండేదేమో.

ఇప్పుడు హేమశ్రీ దువ్వాడ వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ మూడో ఏడు. మొదటి ఏడాదే ఎవడో ఆమెకు "తుక్కు పిల్ల" అని పేరు పెట్టాడు. ఆ పేరు అలాగే అంటుకుపోయింది. ఆమె ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు, తల్లి గౌరీశ్వరికి స్నేహితురాళ్ల ద్వారా తెలిసింది. అలాంటి కాలేజీలో ఈ ఏడు పండగకి రోబోల కుస్తీ పెట్టారు. నాలుగు వైపులా గట్టి ప్లాస్టిక్ గోడల మధ్య రెండు యంత్రాలు వదులుతారు. రిమోటుతో ఆడించి ఒకదాన్నొకటి చితక్కొట్టుకోవాలి. బరువు పదిహేను కిలోలు మించకూడదు. ఆ రోజు పొద్దున్న తూచినప్పుడు మించితే తగ్గించుకోడానికి ఒక గంట ఇస్తారు, అప్పటికీ తగ్గకపోతే బరిలోకి రానివ్వరు.

"అందరూ కిట్లు కొనుక్కొస్తన్నారు నాన్నా" అంది హేమశ్రీ అన్నం తింటూ. "నాను మాత్రం మొత్తం మన కొట్లోంచే సేత్తాను. తుక్కు పిల్ల అన్నారు కదా, తుక్కంటే ఏటో సూపిత్తాను."

తిరుమలరావుకి ఆ పేరు సంగతి అప్పుడే తెలిసింది. నీకేం కావాలన్నా కొట్టంతా నీదే తల్లీ అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అతనికి కాటా గుర్తు రాలేదు.

ఆదివారం పొద్దున్నే ఆమె జడ ముడేసుకుని, పాత చెప్పులేసుకుని గుట్టల్లోకి దిగింది. వెంట క్లాసుమేటు శ్రీవల్లి. వాళ్లది గోదావరి వైపు, తండ్రి పోర్టులో ఉద్యోగి. వైర్లూ రిమోటూ ఆ అమ్మాయి పని. రోబోకి పేరు అప్పుడే పెట్టేశారు, గండు. కొట్టు వెనక తిరిగే గండుపిల్లి పేరది. నేలబారుగా పాకే ఇనప పెట్టె, కింద చక్రాలు, ముందు గిర్రున తిరిగే బద్ద. ఎదుటి యంత్రం దగ్గరికొస్తే ఆ బద్ద దాన్ని పక్కలోంచి చీరెయ్యాలి.

బద్దకి ఏ ఇనుము మంచిదనే దగ్గర తండ్రీకూతుళ్లు చాలాసేపు వాదులాడుకున్నారు. ఇళ్లు కట్టే కమ్మీ మెత్తన, దెబ్బకి వంగిపోతుంది. ఆకురాయి ఇనుము గట్టిదే గానీ పెళుసు, పుటుక్కున విరుగుతుంది. చివరికి తిరుమలరావు గుట్ట అడుగు నుంచి లారీ కమాను పట్టీ ఒకటి లాగాడు. ఏళ్ల తరబడి లోడు మోసి, గోతుల్లో వంగి లేచిన పట్టీ. హేమశ్రీ దాన్ని గోరుతో గీకి, రాతికేసి కొట్టి, ఆ మోత చెవి దగ్గర పెట్టుకుని విని, "ఇదే నాన్నా" అంది. ఆ క్షణాన అతను తన పుట్టుక ధన్యమనుకున్నాడు. చుట్టుపక్కల ఏ తండ్రికి ఇలాంటి కూతురుందని మురిసిపోయాడు. ఆ మురిపెం ఎక్కువసేపు నిలవలేదు. కోసిన ముక్కని కాటా మీద పెడుతూ హేమశ్రీ "లాభం" అంది.

ఈ కాటా పదిహేను చూపించేసరికి అసలు బరువు పదహారున్నర దాటుతుంది. ఆ లెక్క తిరుమలరావుకి నిద్రలో లేపి అడిగినా వస్తుంది. శ్రీవల్లి అంకె చూసి ఫోన్లో ఎక్కించుకుంటోంది. ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాడు. అమ్మా, ఈ కాటా వద్దు అంటే చాలు. ఎందుకూ అని అడుగుతుంది. అడిగితే? అతను టీలు చెప్పొస్తానని వీధిలోకి వెళ్లిపోయాడు.

చక్రాలు తిప్పడానికి పాత కార్ల వైపర్ మోటార్లు తీశారు. వాటి బరువు తూచినప్పుడు శ్రీవల్లికి అనుమానం వచ్చింది. "ఇదే మోటారు నెట్లో చూస్తే ఎక్కువుందండీ అంకుల్, ఇక్కడ తక్కువొస్తోంది" అంది. తిరుమలరావు ఊపిరి బిగబట్టాడు. పట్టుకుంటే బాగుండును, ఈ గోదారమ్మాయి పుణ్యమా అని నా నోటితో చెప్పే పని తప్పుతుంది అనుకున్నాడు. హేమశ్రీ నవ్వేసింది. "నెట్లో డబ్బాతో కలిపి రాసుంటారే. మా కాటా ఎప్పుడూ తప్పు సూపదు. కావాలంటే సూడు" అని మోటారు తీసి తండ్రి చేతిలో పెట్టింది. "ఎంత నాన్నా?"

అతని చేతికి తెలుసు. నోరు మాత్రం పాతికేళ్ల అలవాటు చొప్పున కాటా మీద అంకే చెప్పింది. శ్రీవల్లి కళ్లు పెద్దవి చేసింది. హేమశ్రీ చిన్నప్పటిలాగే చప్పట్లు కొట్టింది.

ఆ రోజు నుంచీ తిరుమలరావుకి ఒకటే పని, గండు బరువు తగ్గించడం. పెట్టెకి ఇనప రేకు వద్దన్నాడు, బస్సు బాడీలోంచి తీసిన అల్యూమినియం రేకు చూపించాడు, తేలికన్నాడు. నీళ్ల డ్రమ్ముల మందపాటి ప్లాస్టిక్ కోసి పక్కలకు పెట్టమన్నాడు, దెబ్బని మింగుతుందన్నాడు. గట్టి బోల్టులు ఎందుకు, సన్నవి చాలన్నాడు. ఆమె కొన్ని విన్నది కూడా. వినడమే అతని కొంప ముంచింది. ఒకచోట బరువు తగ్గగానే హేమశ్రీ కాటా చూసి, "అయితే ఇంకా ఇంత కాలీ ఉన్నాది" అని ఆ ఖాళీలో ఇంకో ఇనప ముక్క బిగించేది. పైమూత అల్యూమినియం పెడితే, మిగిలిన బరువుతో దాని మీద ఇంకో ఇనప రేకు వేసింది. పక్కలకు ప్లాస్టిక్ పెడితే వాటి ముందు యాంగిలర్లు, ఎల్ ఆకారం ఇనప బద్దీలు, బిగించింది.

"కొంచెం కాలీ ఉంచుకో తల్లీ" అన్నాడు బతిమాలుతూ. "రెండు కిలోలు కాలీగా వదిలీ. నా మాటిను."

"ఎందుకు నాన్నా? మనం వదిలేసిన బరువు ఎదుటోడి సేతికి ఇచ్చినట్టే. లెక్క కరెక్టుగా ఉన్నప్పుడు బయమెందుకు?"

లెక్క కరెక్టుగా ఉన్నప్పుడు. ఆ మాట అతని వెంట ఇంటిదాకా వచ్చింది, మంచం దాకా వచ్చింది. చివరికి గౌరీశ్వరితో చెప్పుకున్నాడు. నువ్వు చెప్పు, ఆడాళ్లు ఆడాళ్లు మాట్లాడుకుంటే వేరేగా ఉంటుంది అన్నాడు. గౌరీశ్వరి చేతిలో పని ఆపకుండానే, "కాటా నాను తిప్పించినానేటి? మీ నోటితో మీరే సెప్పండి. ఏటవుద్ది, ఒక రోజు ఏడుత్తాది" అంది. ఆమెకేం తెలుసు. కూతురు ఏడుస్తుందని కాదు అతని భయం. ఏడుపు ఆగాక తనని ఎలా చూస్తుందనే భయం.

ఇక అతను చెయ్యకూడని పని చేశాడు. ఒక మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేనప్పుడు కాటా కింద పలక విప్పి, లోపలి వైరొకటి తెంపేశాడు. కాటా పాడైతే ఆమె కాలేజీలోనో ఇంకెక్కడో తూచుకుంటుంది, నిజం దానంతటదే తెలుస్తుంది, తన పేరు బయటికి రాదు. ఎంత తెలివి. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన హేమశ్రీ, కాటా పాడైందమ్మా అనగానే బ్యాగు పక్కన పడేసి నేల మీద బాసింపట్టేసుకుని కూర్చుంది. స్క్రూలు విప్పింది. తెగిన వైరు పట్టుకుంది. శ్రీవల్లి గండుకోసం తెచ్చిన టంకం పెన్నుతో అతికించి, మూత బిగించి, బటన్ నొక్కింది. కాటా వెలిగింది. ఏ అబద్ధం చెప్పేదో అదే అబద్ధం మళ్లీ చెప్పింది.

"ఎవరో లాగినట్టు తెగింది నాన్నా. ఎలకేమో" అంది చేతులు దులుపుకుంటూ. "కాటా లేపోతే నువ్వెలా యాపారం సేత్తావు? అందుకే గబగబా సేసీసాను."

ఆ మాటకు అతనికి కళ్లనీళ్లు తిరిగాయి. అదే సమయానికి పోతమ్మ అట్టల మూట దించుతోంది. హేమశ్రీ చేతి కింద వెలుగుతున్న కాటాని చూసింది, గండుని చూసింది, నోరు తెరవబోయి తిరుమలరావు మొహం చూసి ఆగిపోయింది. పిల్ల చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లాక దగ్గరికొచ్చి, "పిల్లకి సెప్పీ బాబూ" అంది మెల్లగా. "మాకంటే అలవాటైపోనాది."

ఇన్నేళ్లలో పోతమ్మ అన్న మాటల్లో అతన్ని కోసినది అదొక్కటే. ఆ సాయంత్రం ఆమె అట్టల్ని తూచకుండానే, బరువు పైకి చెప్పకుండా, చేతికి తెలిసినంతకీ లెక్కకట్టి డబ్బులిచ్చేశాడు. పోతమ్మ డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లిపోయింది. కానీ తేలిక పడాల్సిన గుండె తేలిక పడలేదు, ఎందుకంటే కూతురి లెక్క అలాగే ఉంది.

పోటీ రోజు పొద్దున్న గండుని గోనెపట్టాలో చుట్టి ఆటోలో ఎక్కించారు. శ్రీవల్లి సరాసరి కాలేజీకి వస్తానంది. యంత్రం మధ్యలో, దానికి ఆ పక్క కూతురు, ఈ పక్క తండ్రి. గాజువాక దాటే లోపల చెప్పేద్దామనుకున్నాడు. గాజువాక దాటింది. కూర్మన్నపాలెం దగ్గర తప్పక చెప్పాలనుకున్నాడు. సిగ్నల్ దగ్గర ఆటో ఆగినప్పుడు, "అమ్మా హేమా" అన్నాడు.

"ఏటి నాన్నా?"

"ఒకేల అక్కడ కాటా తేడా సూపిత్తే..."

"సూపదు. పద్నాలుగూ ఎనిమిదొందలు. అందుకే కదా రెండొందలు కాలీ ఉంచాను." ఆమె గోనెపట్టా మీంచి చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వూ మన కాటా లేపోతే నావల్ల అయ్యేది కాదు నాన్నా."

పచ్చ సిగ్నల్ పడి ఆటో కదిలింది. అతను కక్కలేక మింగలేక కాలేజీ గేటు దాకా కూర్చున్నాడు.

తూకం దగ్గర లైనుంది. అక్కడ లెక్చరర్ శ్రీనివాసరావు గారు, నెమ్మదైన మనిషి, ఒక్కొక్క రోబోనీ కాటా మీద పెట్టించి అంకె రాయిస్తున్నారు. ముందున్న జట్ల యంత్రాలు మెరుస్తున్నాయి, రంగు పెయింట్లూ స్టిక్కర్లూ. గండు వంతు వచ్చింది. హేమశ్రీ దాన్ని కాటా మీద దించుతూ అలవాటుగా పెదాల మీదే "లాభం" అనుకోవడం తిరుమలరావు చూశాడు.

పదహారూ నాలుగొందల నలభై.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "తుక్కు కదా, బరువుంటుంది" అన్నారు ఇంకెవరో. హేమశ్రీ మొహం ఎర్రబడింది గానీ తల దించలేదు. "సార్, మీ కాటాలో ఏదో తేడా ఉందండి. మేము తూసుకునే తెచ్చాం" అంది.

"ఎక్కడ తూచారమ్మా?"

"మా నాన్న కాటా మీద. ఆటోనగర్లో ఎవర్నైనా అడగండి సార్, మా నాన్న చేత్తోనే బరువు చెప్తారు. ఆ కాటా ఎప్పుడూ తప్పు చెప్పదు." ఆమె లైను మొత్తానికీ వినపడేలా చెప్పింది. తర్వాత వెనక్కి తిరిగింది. "నాన్నా, ఆటోలో ఎల్లి మన కాటా తెచ్చీ. రెండూ పక్కపక్కనే ఎట్టి సూద్దాం. అందరి ముందూ తేలిపోద్ది."

అందరూ తిరుమలరావు వైపు చూశారు. శ్రీనివాసరావు గారు కూడా, మంచిదేనన్నట్టు తలూపారు. తిరుమలరావు కాళ్లు కదల్లేదు. ఆటో ఎక్కి అలాగే ఎలమంచిలి పోయి, మళ్లీ ఈ పిల్లకి కనపడకుండా ఉండిపోతే బాగుండుననిపించింది. కూతురు మాత్రం అతన్ని నమ్మకంగా చూస్తోంది. ఆ నమ్మకం చూస్తే దుఃఖం వచ్చింది.

"ఆల కాటా కరెక్టేనమ్మా" అన్నాడు.

"నీకెలా తెల్సు? సూడకుండానే?"

"నా సేతికి తెల్సు. మనదే తక్కువ సూపిత్తాది."

"పాడైందా? మొన్న నాను వైరు అతికినప్పుడా?" అంది ఆమె ఆత్రంగా. తప్పు తన మీద వేసుకోవడానికి సిద్ధంగా ఉంది. ఔనంటే చాలు, ఆమె నమ్మేస్తుంది. ఆ దారి కూడా అతని ముందు తెరుచుకునే ఉంది. తిరుమలరావు ఒక్క క్షణం ఆ దారి వైపు చూశాడు, చూడలేదని చెప్తే అబద్ధం.

"కాదమ్మా. నువ్వు పుట్టక ముందునుంచీ."

హేమశ్రీ కళ్లలో ఏవో లెక్కలు తిరగడం అతనికి కనిపించింది. మోటారు, రేకు, కమాను పట్టీ. అంతకంటే వెనక్కి, బడి నుంచి పరిగెత్తుకొచ్చి అతని చేతిలో పెట్టిన ప్రతి నట్టూ, ప్రతి బోల్టూ, కొట్టిన చప్పట్లన్నీ. శ్రీనివాసరావు గారు గడియారం చూసి, "గంట టైముందమ్మా, తగ్గించుకోండి" అని తర్వాతి జట్టుని పిలిచారు.

గండుని గోడవారకి మోసుకెళ్లి దించారు. ఏది తియ్యాలి? కమాను బద్ద తీసేస్తే బరువు సరిపోతుంది, కానీ కొట్టడానికేమీ ఉండదు. శ్రీవల్లి అదే అంది, మెల్లగా. హేమశ్రీ తల అడ్డంగా ఊపింది. "కాపాడేవన్నీ తీసేద్దాం" అంది. పైన వేసిన ఇనప రేకు, పక్కల యాంగిలర్లు, అడుగు పలక. గండు అడుగు నుంచి లోపలి వైర్లు కనిపించేంత ఉత్తగా మిగులుతుంది, అవతలివాడి ఒక్క దెబ్బకి చీలిపోవచ్చు. అయినా అదే అంది. స్పానర్ తీసుకుని బోల్టులు విప్పడం మొదలెట్టింది. తిరుమలరావు పక్కన కూర్చుని యంత్రాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. హేమశ్రీ వద్దనలేదు, అలాగని అతని వైపు చూడలేదు.

పై రేకు ఊడొచ్చింది. చిన్నప్పటి అలవాటు ఎంత గట్టిదో, ఆమె చెయ్యి తనకు తెలియకుండానే చాచి దాన్ని తండ్రి అరచేతిలో పెట్టింది. పెట్టాక గుర్తొచ్చి ఆగింది.

తిరుమలరావు కళ్లు మూసుకోలేదు. పైకీ కిందికీ ఆడించలేదు. "ఆరొందల ఇరవై" అన్నాడు. బతుకులో మొదటిసారి చేతికి తెలిసిన అంకె నోట్లోంచి అలాగే వచ్చింది. అది ఎంత సులువో అప్పుడు తెలిసి, ఆ సులువుకే అతనికి ఏడుపొచ్చింది.

హేమశ్రీ అతని చేతిలోంచి రేకు తీసుకుని లేచింది. లైనులో వాళ్లని తప్పించుకుంటూ శ్రీనివాసరావు గారి కాటా దాకా నడిచి, అడిగి, దాని మీద పెట్టింది. ఆరొందల ఇరవై. ఆమె ఆ అంకె వైపు కాసేపు చూస్తూ నిలబడింది. తిరిగొచ్చి రేకుని గోడవార పెడుతూ, "ఒకటి" అంది.

తర్వాత యాంగిలర్ విప్పి అతని చేతిలో పెట్టింది. అతను బరువు చెప్పాడు. ఆమె దాన్ని తీసుకుని మళ్లీ కాటా దగ్గరికి వెళ్లింది.